ఒకే ఇంట్లో రెండు పాలసీలు: పర్లాకిమిడి నుంచి డాలస్ వెళ్లిన దంపతుల కేసు

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటున్న దంపతులు. ఆయనకు 67, రిటైరైన మాస్టారు. ఆవిడకు 58. కూతురు కాన్పుకి సాయంగా అమెరికాలోని డాలస్ దగ్గరికి 170 రోజుల ప్రయాణం. ఆయనకు ఏళ్ల తరబడి షుగరు, బీపీ ఉన్నాయి. 2019లో విశాఖలో ఒక స్టెంటు పడింది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు తప్ప రోజూ వేసుకునే మందు ఒక్కటీ లేదు. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాం, డబ్బు అంకెలు గుండ్రం చేశాం. రూపాయి లెక్కలన్నిట్లో డాలరుకి 85 అనుకున్నాం.

కుటుంబం అడిగింది అందరూ అడిగేదే: బీమా ఇండియాలో తీసుకోవాలా, అమెరికాలోనా? ఇక్కడి కంపెనీ ట్రావెల్ పాలసీ లక్ష డాలర్ల కవరేజీతో వస్తోంది. అక్కడి కంపెనీలు సందర్శకులకు అమ్మే విజిటర్ ప్లాన్‌లోనూ కవరేజీ లక్ష డాలర్లే, కానీ మాస్టారి వయసుకి ప్రీమియం రెట్టింపు దాటింది. "మావయ్యగారూ, ఇద్దరికీ ఒకటే తీసుకుంటే కాగితాలన్నీ ఒకచోట ఉంటాయి కదా" అన్నది అల్లుడి మాట. చవకగా ఉన్నదే తీసుకుందామన్నది మాస్టారి మాట. ఆయన దగ్గర ఊళ్లో వాడుకునే మెడిక్లెయిమ్ కూడా ఉంది. అది, ఆయుష్మాన్ కార్డు, ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు, ఇవేవీ దేశం దాటాక పనిచేయవు. ఇక సందర్శకుల వీసా మీద వెళ్లినవారికి అమెరికా ప్రభుత్వ బీమా వర్తించదు. కాబట్టి ఉన్నవి ఈ రెండు దారులే.

మేం ప్రీమియాన్నీ, లక్ష అన్న అంకెనూ పక్కనపెట్టి రెండే ప్రశ్నలు వేశాం. ఈ మనిషికి ఏదైనా జరిగితే అది ఏమై ఉండొచ్చు? ఆ జబ్బుకి ఈ పాలసీ ఏ పేజీలో, ఎంత వరకు చెల్లిస్తానంటోంది?

మాస్టారికి ఏదైనా జరిగితే అది గుండెకో, షుగరు వల్లో జరిగే అవకాశమే ఎక్కువ. ఆవిడకు జారిపడటమో, జ్వరమో, కడుపు నొప్పో కావచ్చు. ఇద్దరి ప్రమాదాలూ ఒకటి కానప్పుడు పాలసీ ఒకటే ఉండాలన్న పట్టుదల అక్కర్లేదు.

మాస్టారికి వచ్చిన ఇండియా కోటేషన్‌లో రెండు చోట్ల ఇబ్బంది కనబడింది. మొదటిది పాత జబ్బు. ముందునుంచీ ఉన్న జబ్బుకి కవరేజీ లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం పరిమితంగా ఇస్తామని రాసి ఉంది. ప్రపోజల్ ఫారంలో షుగరు, బీపీ, స్టెంటు రాయగానే కవరైపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. రాయడం వల్ల పాలసీ చెల్లుతుంది, అంతే. రాయకుండా ఏజెంటు 'లేదు' అని టిక్ పెట్టేస్తే పాలసీయే రద్దు కావొచ్చు. అందుకే ఆ ఫారం కాపీ తెప్పించుకుని ప్రతి టిక్కూ చూడాలి.

రెండోది సబ్ లిమిట్లు. అరవై దాటినవారి పాలసీల్లో ఇవి తరచుగా కనిపిస్తాయి. ఈ కోటేషన్‌లో గది అద్దె రోజుకి 1,500 డాలర్లు, ఐసీయూ 2,000, ఆపరేషన్ ఖర్చంతా కలిపి 10,000, పరీక్షలకు 1,000, అంబులెన్సుకి 400. లక్ష డాలర్ల పాలసీ అయినా ఒక్కొక్క పద్దు కింద ఇచ్చేది ఇంతే. కవర్ పేజీ మీద ఈ అంకెలు ఉండవు. పాలసీ వర్డింగ్స్‌లో 'షెడ్యూల్ ఆఫ్ బెనిఫిట్స్' అన్న పట్టికలో, వయసుల వారీగా ఉంటాయి.

ఆవిడకు అరవై నిండలేదు కాబట్టి ఆ సబ్ లిమిట్లు లేవు. పాత జబ్బూ లేదు. ఒక్కో జబ్బుకి 100 డాలర్ల డిడక్టిబుల్ (ముందు మనం పెట్టుకోవాల్సిన మొత్తం) పోగా మిగతాది ఇస్తుంది. సామాను పోతే, విమానం ఆలస్యమైతే ఇచ్చే చిన్న సౌకర్యాలు అదనం. ఆవిడకు ఇండియా పాలసీ సరిపోతుంది.

అమెరికా ప్లాన్లలోనూ చవక వల ఒకటుంది. విజిటర్ ప్లాన్లు రెండు జాతులు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ అంటే డాక్టర్ని చూస్తే ఇంత, ఆసుపత్రిలో రోజుకి ఇంత, ఆపరేషన్‌కి ఇంత అని ముందే కట్టిపెట్టిన మొత్తాలు. బిల్లు ఎంతొచ్చినా వాళ్లిచ్చేది మారదు. అంటే మనం వద్దనుకున్న సబ్ లిమిట్లే ఇక్కడ వేరే పేరుతో కూర్చున్నాయి. ప్రీమియం తక్కువ కాబట్టి పిల్లలు ముందు దీని మీదే క్లిక్ చేస్తారు. మాస్టారికి తీసుకున్నది కాంప్రెహెన్సివ్ రకం. 500 డాలర్ల డిడక్టిబుల్, ఆ తర్వాతి 5,000లో ఇరవై శాతం మన వాటా, ఆపైన లక్ష దాకా పూర్తిగా కంపెనీదే. ఈ డిడక్టిబుల్ పాలసీ కాలం మొత్తానికీ ఒక్కసారే, జబ్బు జబ్బుకీ కాదు.

అంతకన్నా ముఖ్యం, ఈ ప్లాన్‌లో పాత జబ్బు 'అక్యూట్ ఆన్‌సెట్' అన్న క్లాజు ఉంది. పాత జబ్బు హఠాత్తుగా, ముందు సూచన లేకుండా తిరగబెట్టి, వెంటనే వైద్యం అందకపోతే ప్రమాదమన్న స్థితికి వస్తే చెల్లిస్తారు. మొదలైన 24 గంటల్లోపు వైద్యం మొదలవ్వాలి. నెమ్మదిగా ముదిరేదానికి, మామూలు చెకప్‌లకు, రోజూ వేసుకునే మందులకు చెల్లించరు. కొన్ని పాలసీల్లో ఇంకో మెలిక కూడా ఉంటుంది. ఆ సంఘటనకు ముందు 30 రోజుల్లో మందు గానీ మోతాదు గానీ మారి ఉండకూడదు.

ఈ ఆఖరి వాక్యం వల్ల పోయే క్లెయిమ్‌లు బాధ కలిగిస్తాయి. ప్రయాణం వారం ఉందనగా పెద్దవాళ్లను విశాఖ తీసుకెళ్లి ఫుల్ బాడీ చెకప్ చేయించడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పనే. అక్కడ డాక్టరు బీపీ మాత్ర ఒకటి పెంచుతాడు, చీటీలో 'మెట్లెక్కితే ఆయాసం' అని రాస్తాడు. నాలుగు వారాల తర్వాత అమెరికాలో గుండె నొప్పి వస్తే, కంపెనీ చేతిలో ఆ చీటీయే సాక్ష్యం: మందు మారింది, సూచన ముందే ఉంది. చెకప్ తప్పకుండా చేయించాలి, కానీ ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు. మందు మార్చాల్సి వస్తే మార్చనివ్వండి, స్థిరపడటానికి సమయం దొరుకుతుంది. ఆయాసం నిజంగా ఉంటే ప్రయాణమే వాయిదా వేయాలి. పాలసీ కోసం లక్షణం దాచమని మేం ఎవరికీ చెప్పం. ప్రాణం మీదికి తెచ్చుకునే పని అది, క్లెయిమ్ కూడా దక్కదు. మాస్టారికి చెకప్ పది వారాల ముందే అయింది. మందులేవీ మారలేదు.

వెళ్లేముందు ఒక ప్లాస్టిక్ ఫోల్డరు తయారు చేయించాం. 2019 డిశ్చార్జి సమ్మరీ, యాంజియో సీడీ, తాజా ఈసీజీ, మందుల పేర్లు కంపెనీ పేర్లతో కాక జనరిక్ పేర్లతో టైపు చేసి డాక్టరు సంతకం పెట్టిన ఒక కాగితం. ఆరు నెలలకు సరిపడా మందులు చేతి సామానులో. ఇక్కడి చీటీ మీద అక్కడి మందుల షాపు ఇవ్వదు. సరిహద్దు ఊళ్లలో ఈ ఫోల్డరు అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే రోజువారీ వైద్యం పర్లాకిమిడిలో, పెద్ద వైద్యం శ్రీకాకుళంలోనో విశాఖలోనో, అప్పుడప్పుడు బరంపురంలో. రికార్డు మొత్తం ఒకచోట ఎక్కడా ఉండదు. తర్వాత అమెరికా కంపెనీ అడిగితే అక్కడున్న అల్లుడు ఎవరికి ఫోన్ చేయాలి?

జరిగినది

రెండో నెలలో ఆవిడ స్నానాల తొట్టిలోంచి బయటికి అడుగు వేస్తూ జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఈఆర్‌కి (ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం) వెళ్లకుండా దగ్గర్లోని అర్జెంట్ కేర్‌కి (ప్రాణం మీదికి రాని గాయాలు, జబ్బులు చూసే క్లినిక్) వెళ్లారు, అది మంచి నిర్ణయం. ఎక్స్‌రేతో కలిపి 310 డాలర్లు, తర్వాత ఎముకల డాక్టరు దగ్గర కట్టుకి 640. మొత్తం 950, అల్లుడు కార్డుతో కట్టేశాడు. ఇండియా పాలసీలో ఇలాంటి అవుట్ పేషెంట్ ఖర్చు సాధారణంగా రీయింబర్స్‌మెంటే. ముందు కట్టుకుని తర్వాత అడగాలి. అదే రోజు బీమా కంపెనీ తరఫున ఫోన్లు తీసుకునే అసిస్టెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నారు.

మాస్టారి విషయం మూడో నెలలో. తెల్లవారుజామున నాలుగింటికి గుండె మధ్యలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం. కూతురు వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసింది. ఈఆర్‌లో నర్సు "ఎప్పటినుంచి?" అని అడిగితే ఆయన "రెండు రోజులుగా గుండెల్లో మంటగా ఉంది, ఇవాళ ఎక్కువైంది" అన్నారు. రెండు రోజుల మంట భోజనం తర్వాత వచ్చే పాత గ్యాసు, యాంటాసిడ్ వేసుకుంటే పోయేది. నాలుగింటి నొప్పి అది కాదు. రెండూ ఒక్క మాటలో కలిసిపోతే రికార్డులో 'రెండు రోజులుగా ఛాతీ నొప్పి' అని పడుతుంది, 24 గంటల షరతు అక్కడే కూలుతుంది. కూతురు అడ్డుపడి తెలుగు దుభాషి కావాలని అడిగింది. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుభాషిని ఉచితంగా ఇవ్వాలి, ఫోన్లోనో వీడియోలోనో దొరుకుతారు. దుభాషి సాయంతో మాస్టారు విడివిడిగా చెప్పారు: మంట ఎప్పుడు వస్తుంది, దేనికి తగ్గుతుంది, ఈ బరువు ఎప్పుడు మొదలైంది, ఎలా ఉంది. డాక్టరు నోట్సులో రెండూ వేరువేరుగా నమోదయ్యాయి. వైద్యానికైనా ఇదే అవసరం. క్లెయిమ్ నిలిచింది కూడా ఈ నోట్సు మీదే.

అమెరికాలో ఈఆర్ ఉన్న ఆసుపత్రి, బీమా ఉన్నా లేకపోయినా, అత్యవసర రోగిని పరీక్షించి స్థిరపరచాలి. 1986 నుంచి అది చట్టం. డబ్బు గురించి భయపడి తెల్లారేదాకా ఆగే పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

ఉదయానికి యాంజియో చేసి మూసుకున్న నాళానికి స్టెంటు వేశారు. రెండు రోజులు ఐసీయూ, ఒక రోజు మామూలు గది. అడ్మిట్ అయిన రోజు మధ్యాహ్నమే అల్లుడు బీమా కార్డు మీది నంబరుకి ఫోన్ చేసి అడ్మిషన్ సంగతి చెప్పాడు. చాలా విజిటర్ ప్లాన్లలో అత్యవసర అడ్మిషన్ అయితే 48 గంటల్లో తెలపాలి. తెలపకపోతే ఇచ్చేది సగానికి కోసేయొచ్చు. ఆసుపత్రి వాళ్లే చెబుతారులే అనుకోవడం పెద్ద పొరపాటు, ఫోన్ చేయాల్సింది మనమే. చేసిన సమయం, మాట్లాడినవారి పేరు, రిఫరెన్సు నంబరు రాసిపెట్టుకోవాలి.

బిల్లులు

ఆసుపత్రి బిల్లు 84,000. ఈఆర్ డాక్టరు, గుండె డాక్టరు, ల్యాబు, అంబులెన్సు తలో కవరూ పంపగా ఇంకో 12,000. మొత్తం 96,000 డాలర్లు. ఈ కవర్లు ఒక్కసారి రావు, రెండు మూడు నెలల పాటు వస్తూనే ఉంటాయి. ప్లాన్ నెట్‌వర్కులో, అంటే కంపెనీతో ముందే ధరల ఒప్పందం ఉన్నవాటిలో, ఆసుపత్రి ఉండటంతో ఒప్పందపు ధర 41,000కి దిగింది. డిడక్టిబుల్ 500, ఆపై 5,000లో ఇరవై శాతం 1,000. కుటుంబం చేతినుంచి 1,500 డాలర్లు, అంటే లక్షా ఇరవై ఏడు వేల అయిదొందలు. కంపెనీ 39,500 డాలర్లు.

ఇదే రోజు మాస్టారి దగ్గర ఆ ఇండియా కోటేషన్ పాలసీ ఉండి, పాత జబ్బు అడ్డు కూడా దాటిందనుకుందాం. ఐసీయూ రెండు రోజులకు 4,000, గది 1,500, ప్రొసీజర్ 10,000, పరీక్షలు 1,000, అంబులెన్సు 400. మొత్తం 16,900, డిడక్టిబుల్ పోతే 16,800. ఒప్పందపు ధర లేదు కాబట్టి మిగిలేది 79,200 డాలర్లు, దగ్గర దగ్గర 67 లక్షల రూపాయలు. బతిమాలితే ఆసుపత్రి సొంతంగా కట్టేవారికి కొంత తగ్గిస్తుంది, నిజమే. లాభాపేక్ష లేని ఆసుపత్రులైతే ఆర్థిక సాయం దరఖాస్తు తీసుకోవాలి, డిశ్చార్జి తర్వాత మొదటి బిల్లు నుంచి 240 రోజుల గడువు ఉంటుంది. సందర్శకులకు ఇస్తారా లేదా అన్నది ఆ ఆసుపత్రి పాలసీని బట్టి. అవి ఆఖరి దారులు, వాటిని నమ్ముకుని పాలసీ ఎంచకూడదు.

మొదటి కవరు రాగానే కార్డు తీసి కట్టేయకూడదు. బీమా కంపెనీ పంపే 'ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్' (ఏ బిల్లుకి తాను ఎంత ఇచ్చిందో చూపే కాగితం) వచ్చాక, అందులో రోగి వాటా అని ఉన్న గడి చూసి అంతే కట్టాలి. అది రాకముందు ఏ ఆఫీసైనా ఫోన్ చేస్తే, క్లెయిమ్ నడుస్తోందని చెప్పి నంబరు ఇస్తే చాలు.

కంపెనీ మూడేళ్ల రికార్డులు అడిగింది. విశాఖ డిశ్చార్జి సమ్మరీ ఫోల్డర్‌లోంచి వెంటనే వెళ్లింది. పర్లాకిమిడి డాక్టరుగారి దగ్గర ఉన్నవన్నీ చేతిరాత చీటీలు, ఏ మందు ఎప్పటినుంచి మొదలైందో వాటిలో తేలలేదు. ఊళ్లో ఉన్న తమ్ముడు వెళ్లి లెటర్‌హెడ్ మీద ఒక సర్టిఫికెట్ తెచ్చాడు: మందుల పేర్లు, మోతాదులు, ఏ తేదీ నుంచి మారకుండా నడుస్తున్నాయి. క్లెయిమ్ ఆగింది ఈ ఒక్క కాగితం కోసం. ప్రయాణానికి ముందే ఇది రాయించుకుని ఉంటే అన్ని వారాల ఆందోళన ఉండేది కాదు.

ఆవిడ క్లెయిమ్ చిన్నదే, దాని చిక్కు దానికుంది. క్లెయిమ్ ఫారం, అసలు బిల్లులు, కట్టిన రసీదులు, డాక్టరు రిపోర్టు, ఎక్స్‌రే రిపోర్టు, పాస్‌పోర్టులో బయల్దేరిన ముద్ర ఉన్న పేజీ, క్యాన్సిల్ చేసిన చెక్కు. 950లో 100 పోగా 850 డాలర్లు, రూపాయల్లో 72,250. ఆ డబ్బు కట్టిన అల్లుడికి రాదు, పాలసీదారు ఇండియా ఖాతాకి రూపాయల్లో వస్తుంది. ఆగింది పేరు దగ్గర. ఒడియాలో రాసిన పాత కాగితాలనుంచి ఎక్కించిన పేర్లలో వకారం బకారం అవుతుంది. వరలక్ష్మి బ్యాంకులో బరలక్ష్మి, పాస్‌పోర్టులో వరలక్ష్మి. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగువాళ్లలో ఇది చాలా ఇళ్లలో ఉంది. క్లెయిమ్ వచ్చాక అఫిడవిట్ కోసం నోటరీ చుట్టూ తిరిగే కంటే, టిక్కెట్లు కొనేముందే బ్యాంకు పేరును పాస్‌పోర్టు పేరుతో కలిపించుకోవడం తేలిక.

ఎప్పుడు మా సలహా మారుతుంది

మాస్టారి వయసు 71 అయితే లెక్క ఇంత సులువు కాదు. చాలా అమెరికా ప్లాన్లలో డెబ్బై దాటగానే మొత్తం పరిమితి తగ్గుతుంది, అక్యూట్ ఆన్‌సెట్ పరిమితి ఇంకా తగ్గుతుంది. కొన్నిటిలో పూర్తిగా పోతుంది. ఎనభై దాటితే 10,000 డాలర్లకే ఆగే ప్లాన్లున్నాయి. అప్పుడు ఏ దేశపు పాలసీ అన్నదానికంటే ఆ మనిషి ఆరు నెలలు ఉండాలా, ఆరు వారాలు చాలా అన్న ప్రశ్న ముందు తేల్చాలి. మూడు వారాల టూరుకి వెళ్లే ఆరోగ్యవంతులకు ఇండియా పాలసీయే మేలు. యూరప్ షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల కవరేజీ చూపాలి, దానికీ ఇక్కడి పాలసీలు సరిపోతాయి. ఇప్పటికే అమెరికాలో దిగిపోయినవారికి ఇండియా పాలసీ సాధారణంగా కొత్తగా దొరకదు, అది బయల్దేరకముందే కొనాలి. అక్కడి ప్లాన్ మాత్రం దిగాక కూడా కొనొచ్చు. కానీ కొన్న తేదీకి ముందు మొదలైన జబ్బు పాత జబ్బే అవుతుంది. రెండూ కలిపి తీసుకుంటే రెట్టింపు వస్తుందన్న ఆశ వద్దు. ముందు మీరివ్వండంటే మీరివ్వండని కంపెనీలు ఒకదాన్నొకటి చూస్తూ కూర్చుంటాయి.

మాస్టారికి స్టెంటు వేసిన రోజే యాంజియోలో ఇంకో నాళంలో 70 శాతం అడ్డు కనబడింది. డాక్టరు కొన్ని వారాల తర్వాత రెండో స్టెంటు వేద్దామన్నారు. అది అత్యవసరం కాదు కాబట్టి అక్యూట్ ఆన్‌సెట్ కిందికి రాదని కంపెనీ రాతపూర్వకంగా చెప్పింది. డిశ్చార్జి తర్వాతి గుండె డాక్టరు ఫీజులు, కొత్త మందులు కూడా కుటుంబమే పెట్టుకుంది. ఇందులో కంపెనీ తప్పేం లేదు, క్లాజులో మొదటినుంచీ ఉన్నదే. మనిషి స్థిరపడగానే ఆ కవరేజీ పని అయిపోతుంది.

విమానం ఎక్కొచ్చని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాక మాస్టారు ముందుగా వచ్చేశారు, రెండో స్టెంటు విశాఖలో తన మెడిక్లెయిమ్ మీద వేయించుకున్నారు. ఆ మెడిక్లెయిమ్ రెన్యువల్ తేదీ ఆయన అమెరికాలో ఉండగానే పడింది. ఊళ్లో ఉన్న తమ్ముడికి పాలసీ నంబరు, తేదీ ముందే ఇచ్చి వెళ్లారు, ఆయన గడువులోపు ప్రీమియం కట్టాడు.